వెనక సీటు గవాహీ

మన ఇళ్లల్లో మర్దుల నోట అన్నిటికంటే తొందరగా ఊడిపడే లఫ్జ్ ఒకటుంది: వహెం. వంటింట్లో గ్యాస్ వాసన వస్తోందంటే వహెం. పిల్ల ఒళ్లు వెచ్చగా ఉందంటే వహెం. ఫలానా మనిషి చూపు బాగాలేదంటే అదీ వహెమే. వీటిలో చాలావాటికి సబూతు చూపించడం కష్టం. చూపించేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. లేదంటే ఏమీ జరగదు, మనమే పిచ్చివాళ్ల లెక్కన మిగిలిపోతాం. అందుకే ఈసారి సబూతు దొరికే విషయం ఒకటి పట్టుకున్నాను. కారు లోపల పెట్రోలు బద్బూ. స్క్రూలు విప్పి, వేలు పెట్టి చూపించగల సంగతి ఇది. కారు తాళంచెవి మీ జేబులోనే ఉంటుంది కాబట్టి భాయ్‌లారా, మీకే చెప్తున్నాను.

ముందు ఒక నక్షా గీస్తాను. మన ఊళ్లలో తిరిగే చిన్న పెట్రోలు కార్లలో ట్యాంకు ఎక్కడుంటుందో తెలుసా? డిక్కీ కింద అనుకుంటారు చాలామంది. చాలా కార్లలో అది వెనక సీటు కిందనే, నేల రేకుకి అవతలి వైపు ఉంటుంది. పెట్రోలును ఇంజనుకి తోసే కరెంటు పంపు ఆ ట్యాంకులోనే మునిగి ఉంటుంది. పంపును దించడానికి ట్యాంకు నెత్తిన గుండ్రటి రంధ్రం, దాని మీద మూత, మూతకీ ట్యాంకుకీ నడుమ ఒక రబ్బరు చుట్టు. దాన్నే గాస్కెట్ అంటారు. ఇంజనుకి పోయే పైపు ఆ మూత మీంచే, పంపుకి కరెంటిచ్చే వైర్ల సాకెట్టూ ఆ మూత మీదనే. దీనంతటి పైన ఒక పలచటి రేకు, రేకు మీద సీటు దిండు, దిండు మీద మేము.

మేమంటే ఎవరు? ముందు సీట్లు మర్దులవి, అది ఎవరూ రాయని కానూన్. వెనక సీటు మా సాసుమాది, నాది, నా ఒళ్లో తల పెట్టుకుని పడుకునే బచ్చీది. ఆ రబ్బరు చుట్టు పగిలితే వాసన మొదట తగిలేది పడుకున్న పిల్ల ముక్కుకి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, పైకి లేవదు, కిందనే పేరుకుంటుంది. ఆ తర్వాత నాకు, ఆ తర్వాత సాసుమాకి. ముందు కూర్చున్న మనిషి మొహం మీద ఏసీ గాలి కొడుతూ ఉంటుంది. ఆయన దాకా వచ్చేసరికి అరగంట పడుతుంది, ఒక్కోసారి రానే రాదు. తనకు అందనిది లోకంలోనే లేదని ఆయన తీర్పు.

మా మైకా గద్వాల. ససురాల్ వనపర్తి. నణంద్‌ని ఇచ్చింది నాగర్‌కర్నూలు. మా కారు జిందగీ అంతా ఈ మూడూళ్ల నడుమనే గడుస్తుంది. ఎర్రవల్లి చౌరస్తా, బీచుపల్లి వంతెన, పెబ్బేరు, వనపర్తి, అటు బిజినేపల్లి, నాగర్‌కర్నూలు. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌కి కొన్న ఎనిమిదేళ్ల బండి. కంపెనీ పేరు అక్కర్లేదు, ఈ మర్జ్ ఏ కంపెనీ కారుకైనా రావచ్చు.

పోయిన ఎండాకాలం గద్వాలలో షాదీకి పోతూ ఫుల్ ట్యాంక్ కొట్టించారు. పెబ్బేరు దాటకముందే నాకు వాసన తగిలింది. చెప్పాను. మావారు అద్దం దించి, ముక్కు బయట పెట్టి, "ఏ లారీదో" అన్నారు. బీచుపల్లి దగ్గర బచ్చీ కక్కుకుంది. "పిల్లకి కారు పడదు" అన్నారు. గద్వాల చేరాక ఇంకోసారి చెప్పాను. నా పోరు పడలేక తెల్లారి ఒక షెడ్డుకి తీసుకుపోయారు. ఆ ఉస్తాద్ డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి వాసన చూశాడు. ఆ చేతిలో వెలుగుతున్న బీడీ ఉంది. వెనక తలుపు తెరవనే లేదు. "అరే భాభీ, కుచ్ నై హోతా. పెట్రోల్ గాడీ హై, పెట్రోల్‌కీ బూ నై ఆయేగీ తో క్యా గులాబ్‌కీ ఆయేగీ?" అన్నాడు. అందరూ నవ్వారు. పోయేముందు ఒక సలహా కూడా ఇచ్చాడు, డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా పెట్టుకొమ్మని.

ఈ సెంటు సీసా దగ్గర కాసేపు ఆగాలి. నాకు ఎక్కువ గుస్సా తెప్పించేది ఇదే.

మన వాళ్లకి ఖుష్బూ అంటే ప్రాణం. జుమ్మాకి పోయే మనిషి చెవి వెనక అత్తరు దూది, దావత్‌లో ఊదు పొగ, షాదీలో గులాబ్ నీళ్లు. ఇవన్నీ నాకూ ఇష్టమే. కానీ బద్బూ మీద ఖుష్బూ కప్పడం ఏం తమీజ్? గాయం కడగకుండా దాని మీద మఖ్మల్ పరిచినట్టు. కారులో పెట్రోలు కారుతోందని చెప్పే గంట మన దగ్గర ఒకటే ఉంది, ఆ వాసన. వేలు పెట్టి ఆ గంట నాలుక పట్టుకుంటున్నాం.

1937 మార్చి 18న అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్లో ఒక బడి పేలిపోయింది. బడిని వెచ్చబరిచే గ్యాస్ కారి, కింద పేరుకుని అంటుకుంది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువ మంది పిల్లలే. ఆ గ్యాస్‌కి సహజంగా వాసన లేదు, అందుకే ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతనే గ్యాస్‌లో వాసన కలపాలని అక్కడ కానూన్ వచ్చింది. ఇవాళ మన వంటింటి సిలిండర్లో కుళ్లు వాసన కూడా కావాలని కలిపినదే. ముక్కుకి తెలియాలని దునియా పైసలు పెట్టి గ్యాస్‌కి బద్బూ కొనిపెట్టింది. పెట్రోలుకి ఆ వాసన పుట్టుకతోనే ఉంది, ముఫ్త్‌గా. మనం పైసలు పెట్టి దాన్ని చంపుతున్నాం.

పైగా ముక్కుకి ఒక ఖాసియత్ ఉంది. ఒకే వాసనలో కొంతసేపు ఉంటే అది దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. అందుకే "ఇప్పుడు వస్తలేదు కదా" అన్న మాటకి విలువ లేదు. దిగి, పది నిమిషాలు బయట గాలిలో నిలబడి, మళ్లీ తలుపు తెరిచి చూడాలి. రాత్రంతా అద్దాలు మూసి ఉంచిన బండి వెనక తలుపును ఫజర్ తర్వాత ఒకసారి తెరవండి. ఆ మొదటి శ్వాస అబద్ధం చెప్పదు. ఈ పరీక్షకు మెకానిక్ కూడా అక్కర్లేదు.

వనపర్తిలో రెండో షెడ్డు. అక్కడ పెట్రోలు మూత మార్చారు. మూత రబ్బరు గట్టిపడితే వాసన వస్తుందన్నది నిజమే, కాదనను. మార్చాక పది రోజులు వాసన రాలేదు కూడా. మావారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ ఆ పది రోజులూ ట్యాంకులో పెట్రోలు సగం కూడా లేదని ఎవరికీ పట్టలేదు. బక్రీద్ ముందు మళ్లీ నింపారు, మళ్లీ వచ్చింది. ఇలాజ్ చేసినవాడు ఎప్పుడొస్తుంది అని అడగలేదు, అదీ కసర్. హకీం నాడి చూడకుండా మందిస్తే ఏమంటాం?

అడిగినవాడు నాగర్‌కర్నూలులో దొరికాడు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, చిన్న షెడ్డు. మావారు చెప్పిందంతా విని, నా వైపు తిరిగి, "ఆపా, మీరు వెనక కూసుంటరా? ఎప్పుడొస్తది వాసన?" అన్నాడు. మూడూళ్లు తిరిగాక వెనక సీటును గవాహీ అడిగిన మొదటి మనిషి.

ఆ సవాల్‌లోనే సగం ఇలాజ్ ఉంది. ఫుల్ ట్యాంక్ కొట్టించాక ఒకటి రెండు రోజులు వచ్చి, సగానికి దిగాక తగ్గిపోతే జబ్బు ట్యాంకు నెత్తినో మెడలోనో ఉందని అర్థం. అంటే పంపు గాస్కెట్, పెట్రోలు పోసే గొట్టం, మూత, లేదా ట్యాంకు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన కొత్తలో వచ్చి, వేడెక్కాక పోతే ఇంజెక్టర్ల దగ్గరి చిన్న రబ్బరు రింగులు చూడాలి. బండి ఆపి దిగాక ముందువైపు నుంచి గుప్పుమంటే బానెట్ కింది పైపులు. ఏసీలో బయటి గాలి తీసుకునే మీట పెట్టినప్పుడే వస్తే అదీ బానెట్ వైపు నుంచే, ఆ గాలి ముందు అద్దం కింది జాలీలోంచి వస్తుంది కాబట్టి. లోపలి గాలినే తిప్పే మీట పెట్టి, అద్దాలన్నీ మూసినా వస్తూనే ఉందంటే ఇంకెక్కడా వెతకొద్దు, వెనక సీటు ఎత్తండి. కాలిన పొగ వాసన మాత్రం వేరే కిస్సా. డిక్కీ రబ్బరు పోయినా, నేల రేకుకి చిల్లు పడినా సైలెన్సర్ పొగ లోపలికి లాగుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికైతే వాసనే లేదు. మనుషులు నిద్రలోనే పోతారు.

ఆ పిల్లగాడు చేసిన పని వరసగా చెప్తాను, మీ ఊరి షెడ్డులో పోల్చి చూసుకోండి. ఇంజను చల్లారేదాకా ముట్టుకోలేదు. నాలుగు తలుపులూ తెరిచి పెట్టాడు. షెడ్డులో సిగరెట్ తాగుతున్న గిరాకీని బయటికి పంపించాడు. బ్యాటరీ మైనస్ వైరు తీశాడు. అప్పుడు సీటు దిండు పీకాడు. కింద రేకు మూత, నాలుగు స్క్రూలు. అది లేపగానే మావారు వెనక్కి అడుగేశారు. అంత ఘాటు. పంపు మూత చుట్టూ ఎనిమిదేళ్ల దుమ్ము పొడిగా, తెల్లగా ఉంది. ఒక్క పక్క మాత్రం అరచేయంత మేర నల్లగా, తడిగా. సాకెట్టుకి రెండు వేళ్ల దూరంలో. ఆ తడి మీద మెత్తగా, జెల్లీలా ఉబ్బిన పదార్థం ఒకటి. మేం కొనకముందు ఎవరో ఒక ఉస్తాద్ గాస్కెట్ మార్చకుండా సిలికాన్ పూసి పంపించాడు. మామూలు సిలికాన్ పెట్రోలుకి ఆగదు, ఉబ్బి ఊడిపోతుంది. ఆ పూసినవాడికి అది తెలియకనా? తెలిసే పూశాడంటాను నేను. తన షెడ్డు గేటు దాటేదాకా ఆగితే చాలనుకున్నాడు.

కొత్త గాస్కెట్ మర్నాడు వచ్చింది. కూలితో కలిపి మొత్తం 850 రూపాయలు. షాదీలో ఒక్కొక్కరి చేతికి ఇచ్చే కవర్ల లెక్క కంటే తక్కువ. ఆ రాత్రి కారు అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చాం.

బచ్చీ సంగతి అడుగుతారేమో. బిజినేపల్లి మలుపుల్లో ఇప్పటికీ ఒక్కోసారి కక్కుకుంటుంది. కారు పడకపోవడం కూడా నిజమే, పెట్రోలు కారడం కూడా నిజమే. ఒక నిజం చెప్పి రెండోదాన్ని దాచడం మనకు బాగా అలవాటు.

మన షెడ్ల గురించి ఇంకో మాట. పాలమూరు ఊళ్లలో స్పానర్ పట్టిన చేతుల్లో మన పిల్లలవి తక్కువేం కాదు. పదో తరగతి కూడా ముగియకముందే ఛోటూ అని పిలిపించుకుంటూ ఉస్తాద్ దగ్గర చేరతారు. వాళ్ల హునర్‌ని నేను తక్కువ చేయను, నాగర్‌కర్నూలు పిల్లగాడు కూడా అట్లాంటి శాగిర్దే. కానీ ఆ షెడ్లలో ఏం నేర్పుతున్నాం? చేతుల గ్రీజు పోవడానికి పెట్రోలుతో కడుక్కోవడం. ట్యాంకులోంచి పెట్రోలు తీయడానికి పైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధనా సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. మన బీఎస్-6 పెట్రోలులో అది 1 శాతం మించకూడదని హద్దు పెట్టారంటేనే దాని సంగతి తెలుస్తుంది. పొద్దుందాక అందులో చేతులు ముంచే పిల్లవాడికి మా వెనక సీటు వాసన ఎలా తగులుతుంది? "కుచ్ నై ఆరా" అని ఆ పిల్లవాడు అన్నది ఈమాన్‌దారీగానే అని ఉంటాడు. వాడి ముక్కును మనమే తిన్నాం.

కంపెనీలను వదిలేస్తానని కాదు. "కొత్త బండ్లకి ఇట్లాంటివి రావు" అని మా దేవర్ వాదన. 2010 ఫిబ్రవరిలో మారుతీ సుజుకీ దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లను వెనక్కి పిలిచింది, దేనికి? ఇదే పంపు గాస్కెట్ మార్చడానికి. 2014 ఏప్రిల్‌లో అదే కంపెనీ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా కలిపి 1,03,311 కార్లను పిలిచింది. 2013 నవంబర్ 12 నుంచి 2014 ఫిబ్రవరి 4 దాకా తయారైనవి. పెట్రోలు పోసే గొట్టం మెడలో లోపం, ఆటో కటాఫ్ దాటి నింపితే వాసన రావచ్చు, కారవచ్చు అని కంపెనీ నోటనే చెప్పింది. 2019 ఆగస్టులో 40,618 వ్యాగన్‌ఆర్‌లు, పెట్రోలు పైపు ఇనుప క్లాంపుకి రాసుకునే అవకాశం ఉందని. అప్పటికి అవన్నీ షోరూమ్ నుంచి దిగిన కొత్త బండ్లే. ఇంజనీర్ల మధ్య తయారైన కారులో వాసన రావచ్చని కంపెనీ ఒప్పుకుంది. ఇంట్లో ఔరత్ చెప్తే వహెం.

ఆ పిలుపులు మన దాకా రావన్నది ఇంకో సంగతి. చిట్టీ పోయేది మొదట కొన్న మనిషికి. మనకొచ్చేది రెండో చేతి, మూడో చేతి బండి. కాగజ్‌లు ఒకరి పేరున, బండి ఇంకొకరి ఇంటి ముందు. కొనేటప్పుడు స్టీరియో ఎంత మోగుతుందో చూస్తాం గానీ, ఛాసిస్ నంబరు రాసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్లో "ఈ బండికి వెనక్కి పిలిచిన పని ఏమైనా పెండింగ్ ఉందా" అని అడగం. అడిగితే చెప్తారు, అలాంటి పనికి పైసలు కూడా తీసుకోరు.

ఇప్పుడు దీని మీద ఇథనాల్ ఒకటి వచ్చి చేరింది. 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వ శాఖే అన్నది, ఖర్చు తక్కువే, మామూలు సర్వీసింగ్‌లో అయిపోతుంది అని కూడా. సరే, ఖర్చు తక్కువే అనుకుందాం. కానీ ఆ రబ్బర్లు మార్చుకోండని బంకులో ఎవరైనా మీకు చెప్పారా? గద్వాల జిల్లాలోనే రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం తిరగబడ్డారు. 2025 జూన్‌లో ఆ రైతులకు బేడీలు వేసి కోర్టుకి తీసుకుపోయిన తస్వీర్లు మనమందరం చూశాం. మా నీళ్లు, మా గాలి ఏమవుతాయి అని వాళ్లు అడిగారు. వాళ్లకు దొరికిన జవాబు బేడీ. కారులో మాకు దొరికేది నవ్వు. రెండింటి కొలత ఒకటి కాదని నాకూ తెలుసు, కానీ అడిగినవాళ్ల నోరు మూయడంలో ఈ ముల్క్‌కి ఇంట్లోనే మంచి తాలీమ్ దొరుకుతోంది.

బంకు దగ్గర మీరు చేసే పని కూడా చూస్తుంటాం. గన్ను టక్‌మని ఆగుతుంది. 2,860 దగ్గర. "రౌండ్ చెయ్ భాయి" అంటారు. ఇంకోసారి నొక్కుతాడు, ఇంకోసారి, 3,000 అయ్యేదాకా. ట్యాంకులో కొంత జాగా ఖాళీగా వదిలేది ఊరికే కాదు. పాలమూరు ఎండలో పెట్రోలు వేడెక్కి ఉబ్బుతుంది, ఆవిరి అవుతుంది, ఆ ఆవిరి పోవడానికి ఒక దారి, పట్టడానికి బొగ్గు డబ్బా. రౌండ్ ఫిగర్ షౌక్‌తో పోసిన పెట్రోలు ఆవిరి దారిలోకి ఎక్కి బొగ్గును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు ఇక ఆవిరి పట్టదు. అక్కణ్నుంచి వాసన. 140 రూపాయల చిల్లర తీసుకోవడానికి ఇజ్జత్ అడ్డొచ్చి కొన్ని వేల రూపాయల డబ్బా పాడు చేసుకునే కౌమ్ మనం.

గ్యాస్ కిట్ల సంగతి రెండు ముక్కల్లో. పాత వ్యానుల్లో సీటు కింద ఇంటి సిలిండర్ గ్యాస్ నింపి, ఆ సీటు మీద బడిపిల్లల్ని కూర్చోబెట్టి తిప్పుతున్నవాళ్లు మన మొహల్లాల్లోనే ఉన్నారు. అది జుర్మ్. సీఎన్‌జీ సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ తప్పనిసరి. ప్లేటు మీద తారీఖు ఉంటుంది, పిల్లల్ని ఎక్కించే తల్లులు చదవండి, దాటిపోతే దించేయండి. డ్రైవర్ భాయి ఏమనుకుంటాడో అన్న లిహాజ్ ఇక్కడ పనికిరాదు.

"ఇన్ని భయాలు పెట్టుకుంటే బతికేదెట్ల, అల్లాహ్ మాలిక్" అంటారు. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం కదా. కట్టేసే తాడు ఖర్చు 850 రూపాయలని పైన రాశాను.

ఇంధనం అంటుకుంటే ఎంత టైం ఇస్తుందో మన రోడ్డుకి తెలిసినంతగా ఇంకే రోడ్డుకీ తెలియదు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున, ఇప్పటి వనపర్తి జిల్లా కొత్తకోట దగ్గరి పాలెం వద్ద బెంగళూరు నుంచి వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచి 45 మంది ఆహుతయ్యారు. 2025 అక్టోబర్ 24న అదే 44వ నంబరు హైవే మీద, మా అలంపూర్ చౌరస్తా దాటిపోయిన బస్సే, కర్నూలు అవతల చిన్నటేకూరు దగ్గర ఒక బైకును ఈడ్చుకుపోయింది. బైకు మనిషితో కలిపి 20 మంది పోయారు. ఈ రెండూ వాసన వల్ల జరిగినవి కావు, అవి యాక్సిడెంట్లు, అది వేరు. నేను చెప్పేది మంట ఇచ్చే గడువు గురించి. మంట లేచాక నిమిషాలు. అంతకుముందు వాసన ఇచ్చే గడువు మాత్రం రోజులు, వారాలు. మాకైతే ఎండాకాలం నుంచి వర్షాకాలం దాకా ఇచ్చింది. అన్ని రోజులూ ఆ తడి మీద నా బిడ్డ తల పెట్టుకుని నిద్రపోయింది.

కాబట్టి మర్దులకు నా ముతాలబా ఇది. వెనక నుంచి "వాసన వస్తోంది" అని వినబడితే వెనక్కి తిరిగి వాదించొద్దు. బండి పక్కకు ఆపండి, అందరినీ దించండి, తలుపులు తెరవండి. కింద చూడండి, చుక్కలు పడుతున్నాయా, తడి ఉందా. తడి కనబడితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, ఎవరినైనా పిలిపించండి. అగ్గిపుల్ల గీసి చూసే ఉస్తాద్ వస్తే సలాం చెప్పి పంపించేయండి. షెడ్డుకి పోయినప్పుడు వాసన చూసిన మనిషిని వెంట తీసుకుపోండి, మాట్లాడనివ్వండి. గాస్కెట్ మార్చారా, పూత పూశారా అన్నది మీ కళ్లతో చూడండి, పాత గాస్కెట్ చేతికి ఇమ్మనండి. పైపు మారిస్తే పెట్రోలు పైపే వేశారా, ఏ నీళ్ల పైపు ముక్కో తొడిగారా అడగండి. చివరికి ఫుల్ ట్యాంక్ కొట్టించి, గన్ను ఆగినచోట ఆపి, రాత్రంతా అద్దాలు మూసి ఉంచి, పొద్దున వెనక తలుపు తెరవమని ఇంట్లోవాళ్లకే చెప్పండి. పని అయిందా లేదా అన్నది వాళ్లే చెప్తారు.

ఆపాలారా, చెల్లెళ్లారా, మీకూ ఒక మాట. అది మీ వహెం కాదని నిరూపించే బాధ్యత మీ మీద లేదు. బుర్ఖా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని సబర్ చేయడం ఆపండి. దిగిపోవచ్చు. నేను రెండోసారి పెబ్బేరులో దిగిపోయాను, బస్టాండ్‌లో కూర్చున్నాను. ఖాందాన్‌లో వారం రోజులు అదే మాట. కానీ నాగర్‌కర్నూలు షెడ్డుకి బండి పోయింది ఆ తర్వాతనే.

మా దేవర్ ఈ జుమ్మా తర్వాత రంగాపూర్ దర్గాకి ఫుల్ ట్యాంకుతో పోదామంటున్నాడు. డ్యాష్‌బోర్డు మీద కొత్త సెంటు సీసా పెట్టాడు, ఆకుపచ్చది. నిన్న రాత్రి దేవరానీ ఫోన్ చేసింది. సీటు ఎత్తి చూపించేదాకా పిల్లల్ని ఎక్కించనని చెప్పిందట. ఆయన ఇంకా జవాబివ్వలేదు.